చెన్నపట్టణమున ఆరుబయట కుటుంబ పటము: నాడు, నేడు

ఛాయాపటము లేని తెలుగు ఇల్లు నేడు లేదనుట అతిశయోక్తి గాదు. పెండ్లిపటము, ఉపనయనపు పటము, గతించిన పెద్దల పటము, ఏదో ఒకటి ప్రతి యింటి గోడపైనను కానవచ్చును. అయినను ఆ పటములను చరిత్రకు ఆధారములుగా జూచు అలవాటు మనకు మిక్కిలి తక్కువ. రాతిపై శాసనము దొరకిన చరిత్ర యందుము. తాటాకుపై వ్రాత దొరకిన చరిత్ర యందుము. తాతగారి పటము దొరకిన మాత్రము దుమ్ము తుడిచి, మరల మేకునకు తగిలించి ఊరకుందుము. పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములకు ఈ యుపేక్ష వలన కలుగు నష్టము పెద్దది. మన పొలములు, మన గ్రామదేవతలు, కరణముల లెక్కలు ఎక్కడనో యుండిపోయినవి. ఇచట మనము బ్రతికితిమనుటకు మిగిలిన సాక్ష్యములలో కుటుంబ పటము ముఖ్యమైనది.

నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఒక కార్యాలయమున 35 ఏండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. తేదీ, సంతకము లేని కాగితము కాగితమే కాదని మా పై యధికారులు నేర్పిన పాఠము తప్ప నాకు వేఱు విద్య లేదు. ఆ పాఠమే ఈ వ్యాసమునకు మూలము. కుటుంబమంతయు గూడి ఈ మహానగరమున ఆరుబయట ఒక పటము తీయించుకొనుటకు వలసిన యేర్పాట్లు ఏవి, మన పెద్దలు ఆ పని యెట్లు చేసిరి, ఎక్కడ పొరపడిరి అనునదే ఇందలి విషయము. చెప్పునది మా యింటి కథయే యైనను, ఇట్టిది అనేక తెలుగు ఇండ్లలో నుండునని నా నమ్మకము.

ఒక పాత పటము

మా యింట 1953 వ సంవత్సరపు పటము ఒకటి కలదు. అది మెరీనా సముద్రతీరమున తీసినది. అందు 17 మంది యున్నారు. వెనుక అలలు తెల్లగా మెఱయుచున్నవి. ముందు నిలిచిన మనుష్యుల ముఖములు మాత్రము నీడలో మునిగి, నల్లని బొమ్మలవలె నున్నవి. నేను పుట్టుటకు ఏడేండ్లు ముందు తీసిన పటమది.

ఆ పటమునకు గల కారణము పాఠకులలో పెద్దలైనవారికి వెంటనే స్ఫురించును. 1952 డిసెంబరు 15 న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట 58 దినముల నిరాహారదీక్ష పిమ్మట ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1 న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. చెన్నపట్టణము మదరాసు రాష్ట్రముననే నిలిచినది. చరిత్ర పుస్తకములలో ఇది రెండు మూడు పంక్తులలో ముగియును. గాని ఆ పంక్తులు మా యిల్లు వంటి ఇండ్ల నడుమనుండి పోయినవి. మా తాతగారు ఒక వర్తక సంస్థలో గుమాస్తా. వారి తమ్ముడు, అనగా మా చిన్నతాతగారు, ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా. కార్యాలయము కర్నూలునకు పోవుచున్నది గనుక చిన్నతాతగారును పోవలసి వచ్చినది. తాతగారు తిరువల్లిక్కేణిలో అద్దె యింటిలోనే యుండిపోయిరి. ఒకే పొయ్యిపై వండుకొన్న కుటుంబము ఆ సెప్టెంబరు నెలలో రెండైనది.

సెప్టెంబరు చివరి ఆదివారమున చిన్నతాతగారి కుటుంబము మధ్యాహ్నపు రైలునకు బయలుదేరవలెను. ఆ యుదయమే పటము తీయింప నిశ్చయించిరి. "కర్నూలులో సముద్రము లేదు గదా, సముద్రము కనబడునట్లు తీయించుడు" అని చిన్నతాతగారు కోరిరట. ఫోటోగ్రాఫరు వచ్చి, సూర్యుడు సముద్రముపై నున్నాడు, ఇటు తిరిగి నిలిచినచో ముఖములు చీకటి యగునని చెప్పెనట. తాతగారు వినలేదు. తమ్ముని కోరిక ఆయనకు ముఖ్యము. ఫలితము ఇంతకుమునుపే చెప్పితిని. సముద్రము చక్కగా వచ్చినది. మనుష్యులే రాలేదు.

అంతకంటె పెద్ద పొరపాటు మఱొకటి జరిగినది. పటము వెనుక ఎవ్వరును ఏమియు వ్రాయలేదు. అందున్నవారెవరో అందఱకు తెలియును గదా, వ్రాయుటెందుకని యనుకొనియుందురు. మా నాన్నగారు జీవించియుండగా నేను అడిగి అడిగి 16 పేర్లు గుర్తింపగలిగితిని. ముందువరుసలో, చిన్నతాతగారి కుమార్తె ప్రక్కన నిలిచిన ఎనిమిది తొమ్మిదేండ్ల బాలిక యెవరో నాన్నగారికిని తెలియలేదు. బంధువుల బిడ్డ యని ఒకరు, చనిపోయిన అత్తకూతురని మఱొకరు ఊహించిరి. ఇట్లు 70 ఏండ్లు గడచినవి.

స్టూడియోనుండి తీరమునకు

ఆరుబయట పటము తీయుట నేడు మిక్కిలి సులభము. మన పెద్దలకు అది యెట్టి సాహసమో తెలియవలెనన్న ఆ విద్య నడచివచ్చిన త్రోవను కొంత చూడవలెను.

1839 లో ఫ్రాన్సు దేశమున డాగెర్ కనుగొన్న ఛాయాగ్రహణ విధానము లోకమునకు వెల్లడియైనది. తొలిదినములలో ఒక్క పటమునకు నిమిషములకొలది కాలము పట్టెడిది. కూర్చున్న మనిషి కదలినచో రూపము చెదరిపోవును. 1851 లో ఆంగ్లేయుడు ఆర్చర్ గాజుఫలకముపై కొలోడియన్ పూసి పటము తీయు పద్ధతిని ప్రకటించిన పిమ్మట ఆ కాలము సెకండ్లలోనికి దిగినది. గాని అందొక చిక్కు కలదు. ఫలకముపై పూత తడి యారకమునుపే పటము తీసి, వెంటనే చీకటిలో కడుగవలెను. మదరాసు ఎండలో ఆ తడి యెంతసేపు నిలుచును? అందువలన బయట పటము తీయువాడు చీకటి డేరాను, మందుసీసాలను, నీటిని వెంట గొనిపోవలసి వచ్చెడిది.

చెన్నపట్టణమున ఈ విద్య త్వరగానే నాటుకొన్నది. 1850 లో డాక్టరు అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన చిత్రకళా పాఠశాలలో ఆ దశాబ్దముననే ఛాయాగ్రహణమును నేర్పిరి. లిన్నియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని మదరాసు ప్రభుత్వము 1856 లో తన ఛాయాగ్రాహకునిగా నియమించినది. ఆయన 1858 లో ఇచటి మ్యూజియమున నున్న అమరావతి శిల్పములకు పటములు తీసెను. 1845 లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములవి. మఱుసటి యేడు, అనగా 1859 లో, వానిలో పెక్కింటిని లండనునకు పంపివేసిరి. కృష్ణాతీరమునుండి చెన్నపట్టణము చేరి, విడిపోవుటకు ముందు పటము తీయించుకొన్న తొలి తెలుగు కుటుంబము ఆ రాళ్లదేయని నేను మా పిల్లలతో హాస్యమునకు చెప్పుచుందును. హాస్యమే యైనను అందు కొంత నిజము లేకపోలేదు.

గృహస్థులు పటము తీయించుకొనవలెనన్న స్టూడియోకే పోయెడివారు. పందొమ్మిదవ శతాబ్దము చివరినాటికి మదరాసున వీలే అండ్ క్లైన్ వంటి స్టూడియోలు వెలసినవి. వెలుగు మెత్తగా పడునట్లు స్టూడియోలకు గాజు పైకప్పులు, గాజు కిటికీలు అమర్చెడివారు. వెనుక రంగుల తెర, అందు ఎన్నడును చూడని దొరల భవనము, ప్రక్కన ఒక స్తంభము, దానిపై పూలకుండీ. తల కదలకుండుటకు వెనుకనుండి ఇనుప ఊత. మన తాతముత్తాతల పటములలో అందఱును కోపముతో నున్నట్లు కనబడుటకు కారణము కోపము గాదు, కదలరాదను భయము. పటము తీసిన ఆయుస్సు తగ్గునను నమ్మకము కొన్ని ఇండ్లలో ఉండెడిది. స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండుటకు సంకోచించెడివారు. ఈ యిబ్బంది తొలగుటకే రాజా దీనదయాళ్ 1892 లో హైదరాబాదున గోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పెను. అందు పటములు తీయునదియు స్త్రీయే.

1871 లో మాడక్స్ పొడి ఫలకములకు దారి చూపెను. చీకటి డేరా మోయు శ్రమ దానితో తీఱినది. 1888 లో ఈస్ట్‌మన్ కోడక్ కెమెరాను ఫిల్ము చుట్టతో విక్రయింప మొదలిడెను. 1900 లో వెలువడిన బ్రౌనీ పెట్టెకెమెరా వెల అమెరికాలో ఒక డాలరు మాత్రమే. అయినను మన గుమాస్తా కుటుంబములకు కెమెరా చాలకాలము అందని వస్తువే. 1960 తరువాతి దశాబ్దములలో ఆగ్ఫా క్లిక్ త్రీ వచ్చిన పిమ్మట వీథికొక యింటనైనను కెమెరా కనబడసాగినది. చుట్టకు 12 పటములు. ఎండకొక గుర్తు, మబ్బునకొక గుర్తు, అంతకుమించిన శాస్త్రమక్కఱలేదు. ఉదకమండలమున 1960 లో స్థాపితమైన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 లో ఉత్పత్తి ప్రారంభించి, ఇందు అను పేరుతో నలుపు తెలుపు ఫిల్మును దేశమునకు అందించినది. ఆ సంస్థ నేడు మూతపడినది. 12 పటములే యుండుట వలన ప్రతి పటమును ఆలోచించి తీసెడివారము. నేడు సెల్‌ఫోనులో లెక్కలేనన్ని తీయుదుము. ఆలోచన మాత్రము తగ్గినది. గుంపు పటమునకు ముందుగా యోచన యేల కావలెనో ఇందువలననే చెప్పవలసి వచ్చుచున్నది.

ఎచట నిలువవలెను?

చిన్నతాతగారి కుటుంబము కర్నూలునుండి 1956 లో కార్యాలయముతోపాటు హైదరాబాదు చేరి అచటనే స్థిరపడినది. ఇరుశాఖలవారును పెండ్లిండ్లకు కలసికొనుటయే గాని, అందఱును గూడి మరల పటము తీయించుకొన్నది లేదు. గత సంవత్సరము వారు జాబు వ్రాసి, సంక్రాంతికి చెన్నపట్టణము వత్తుమని తెలిపిరి. 1953 పటమున నున్నవారిలో జీవించియున్నది చిన్నతాతగారి కుమార్తె యొక్కతెయే. నాకు మేనత్త వరుస. వయస్సు 80 దాటినది. ఇప్పుడు గాకున్న మరెప్పుడని అందఱకును తోచినది.

స్థలనిర్ణయమునకు మా యింట పెద్ద సభయే జరిగినది. పిల్లలు తలకొక చోటు చెప్పిరి. వారు నోటితో నిత్యము పలుకు పేర్ల వెనుకనున్న కథ వారికి తెలియదని నాకు అప్పుడే యర్థమైనది.

ఒకడు పానగల్ పార్కు అనెను. ఆ పానగల్ ఎవరని యడిగితిని. బస్సు ఆగుచోటు అని బదులు వచ్చినది. పానగల్లు రాజా యనబడిన పానగంటి రామారాయణింగారు 1866 లో కాళహస్తిలో జన్మించిన తెలుగువారు. 1921 నుండి 1926 వఱకు మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి. ఆయన కాలముననే ఆ పేట యేర్పడినది. ఆ పేటకు త్యాగరాయనగరమను పేరు జస్టిసు పార్టీ స్థాపకులలో నొకరగు పిట్టి త్యాగరాయశెట్టిగారి వలన వచ్చినది. అచట తోటలో రాజాగారి విగ్రహము కలదు. అయితే మెట్రో రైలు పనుల వలన ఆ పరిసరముల రూపు కొంతకాలముగా మాఱినది. పెద్దగుంపుతో పోవుటకు అనువు గాదని వదలితిమి.

మఱొకతె మైలాపూరు లజ్‌లోని నాగేశ్వరరావు పార్కు అనినది. అది కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారి పేర వెలసిన తోట. 1893 లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, 1908 లో అచటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914 లో మదరాసునుండి దినపత్రికగా నడిపి, 1924 లో భారతి మాసపత్రికను నెలకొల్పిన దేశోద్ధారకుడాయన. 1937 నవంబరు 16 న కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ ఒడంబడిక జరిగిన శ్రీబాగ్ ఆయన గృహమే. ఆ తోటలో పెద్దచెట్ల నీడ కలదు. ఎండ తీవ్రముగా నున్ననాడు పటమునకు ఇట్టి చోటు మేలు. అయితే ఆకుల సందులనుండి పడు వెలుగు ముఖములపై మచ్చలు మచ్చలుగా నిలుచును. అందువలన చెట్టు నీడ యెక్కడ దట్టముగా నుండునో అక్కడనే నిలువవలెను.

ఎగ్మూరు మ్యూజియమును గూర్చి నేను చెప్పితిని. 1851 లో వెలసిన ఆ సంస్థలో, లండను పోగా మిగిలిన అమరావతి శిల్పములు నేటికిని కలవు. ఎఱ్ఱని భవనములు పటమునకు అందమైన నేపథ్యము. అయితే వారమున ఒక దినము సెలవు. లోపల కెమెరాకు రుసుము కలదు. సెంట్రల్ స్టేషను చెంతనున్న విక్టోరియా పబ్లిక్ హాలు పేరును తలపునకు వచ్చినది. 1883 లో దానికి శంకుస్థాపన చేసినది విజయనగర మహారాజు ఆనందగజపతిగారు. గాని దాని యెదుట వాహనముల రద్దీలో పిల్లలతో నిలుచుట ప్రమాదము.

చివరకు అత్తయ్య మాటయే నెగ్గినది. హైదరాబాదునుండి టెలిఫోనులో ఒక్కమాట చెప్పినది: "ఆనాడు నిలబడ్డచోటే నిలబడదాంరా. ఈసారైనా మా మొహాలు కనబడనియ్యండి."

ఎప్పుడు నిలువవలెను?

మెరీనా యని నిశ్చయమైన పిమ్మట పిల్లలు సూర్యోదయమున పోదమనిరి. 1953 నాటి పొరపాటే మరల జరుగబోవుచున్నదని నేను పాత పటమును తెచ్చి చూపితిని. చెన్నపట్టణమున సముద్రము తూర్పున నున్నది. ఉదయమున సముద్రమును వెనుక నుంచుకొన్నచో సూర్యుడును వెనుకనే యుండును. కెమెరా ఆ ప్రకాశమునకు తగినట్లు వెలుగును తగ్గించుకొనును. ముందున్న ముఖములు నల్లబడును. సాయంకాలమున సూర్యుడు పట్టణము వైపునకు వచ్చును. అప్పుడు సముద్రము వెనుకను, వెలుగు ముఖములపైనను ఉండును. సంక్రాంతి దినములలో సూర్యుడు నైరృతి దిక్కుగా క్రుంకును గనుక, పడమటికి తిరిగి నిలిచినవారికి వెలుగు ఎడమప్రక్కనుండి ఏటవాలుగా పడును. కన్నులు చికిలింపవలసిన పని లేదు. మిట్టమధ్యాహ్నము ఎన్నటికిని పనికిరాదు. నెత్తిమీది యెండకు కన్నుల క్రింద గుంటలు పడి, చిన్నవారును ముసలివారివలె కనబడుదురు.

ఇక దినము. అక్టోబరునుండి డిసెంబరు వఱకు ఈశాన్యపు వానలు. మార్చి దాటిన యెండ పెద్దలు తాళలేరు. జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమము. అయితే సంక్రాంతి సందర్భమున ఒక జాగ్రత్త అవసరము. మనకు ముక్కనుమ యగునాడు తమిళ సోదరులకు కాణుం పొంగల్. ఆనాడు పట్టణమంతయు మెరీనాకు కదలివచ్చును. ఇసుక వేయుటకును చోటుండదు. పిల్లలు తప్పిపోవుటయు కలదు. సెలవుదినములన్నియు అంతే. అందువలన సెలవులు ముగిసిన తరువాతి పనిదినమును ఎన్నుకొంటిమి. సూర్యాస్తమయము ఇంచుమించు ఆఱు గంటలకు. నాలుగున్నరకు చేరి, అయిదుంబావునకు ముగింపవలెనని నిర్ణయించితిమి.

మిగిలిన యేర్పాట్లను గుమాస్తా పద్ధతిలో నేనే చూచితిని. మూడు దినములు ముందుగా అదే వేళకు పోయి, వెలుగెట్లు పడునో, గాలి యెంత వీచునో చూచివచ్చితిని. వృత్తిదారు ఫోటోగ్రాఫరును పెద్ద కెమెరాతో పిలిచినపుడు అనుమతి కావలెనో లేదో ముందుగనే విచారించుకొనవలెను. ఉద్యానములలోనైన ద్వారము చెంతనే అడ్డగింతురు. అత్తయ్య ఇసుకలో నడువలేదు గనుక, ఇసుకలోనికి దిగక, నడకబాటపైననే నిలుచుటకు ఒప్పుకొంటిమి. 1881 నుండి 1886 వఱకు గవర్నరుగా నున్న గ్రాంట్ డఫ్ కాలమున ఏర్పడిన బాట యది. మా కుటుంబపు మూడు తరములు దానిపై నడచినవి. 1959 లో ప్రతిష్ఠించిన శ్రామిక విగ్రహము మాకు గుర్తుగా నిర్ణయించి, దారి తప్పినవారు దాని చెంతకు రావలెనని అందఱకును చెప్పితిని. దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలచిన ఆ నలుగురు కూలివాండ్ర విగ్రహము ఎఱుగనివారు పట్టణమున ఉండరు.

మొత్తము 31 మంది. ఎవరు ఏ వరుసలో నిలుచుటయో ఒక ఫుల్‌స్కేపు కాగితముపై ముందుగా వ్రాసితిని. పెద్దలకు ఆఱు మడత కుర్చీలు. వారి వెనుక నడివయసువారు. ముందు పిల్లలు. మొదట అందఱును గూడిన పటము, పిమ్మట శాఖల పటములు, చివర ఇష్టమైనవారివి. పిల్లల ఓర్పు మొదటి పావుగంటయే నిలుచును గనుక ముఖ్యమైన పటము ముందే ముగింపవలెను. బట్టలన్నియు ఒకే రంగుగా నుండవలెనని యువకులు కోరిరి. స్కూలు డ్రిల్లువలె నుండునని అత్తయ్య నవ్వినది. మెఱయు జరీ, పెద్దపెద్ద గీతలు లేకున్న చాలునని రాజీపడితిమి. నీటిసీసాలు, పసిబిడ్డకు పాలు, గాలికి జుట్టు చెదరకుండ దువ్వెన, పెద్దలకు తిరిగిపోవుటకు వాహనము, ఇవన్నియు జాబితాలో నుంచితిని. నా జాబితాను చూచి పిల్లలు నవ్విరి. ఆ సాయంకాలము ఎవ్వరును ఎక్కడ నిలువవలెనని అడుగలేదు. అయిదు గంటలు కొట్టకమునుపే అందఱును గూడిన పటము ముగిసినది.

పదునేడవ పేరు

ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము పటము తీయించుకొన్న ముందటి రాత్రి జరిగిన సంగతి. భోజనములైన పిమ్మట పాత పటమును అత్తయ్య చేతికిచ్చితిని. ఆమెకు కన్ను సరిగా ఆనదు. మా మనుమడు దానిని సెల్‌ఫోనులో పెద్దదిగా చేసి, నీడను కొంత తొలగించి చూపెను. ముఖము అప్పటికిని స్పష్టము గాలేదు. కాని రెండు చిన్నచేతులు ఒకదానినొకటి పట్టుకొనియుండుట కనబడినది. అత్తయ్య చాలసేపు చూచి, "ఒరే, ఈ చెయ్యి పట్టుకున్నది నేనేరా. వదలనని ఏడ్చింది" అని కంట తడిపెట్టినది.

ఆ బాలిక మా బంధువు గాదు. తిరువల్లిక్కేణిలో మా తాతగారికి ఇల్లు అద్దెకిచ్చిన తమిళ కుటుంబపు బిడ్డ. అత్తయ్యతోపాటు ఒకే తరగతిలో చదివినది. స్నేహితురాలు పోవుచున్నదని తెలిసి, ఆ యుదయము వెంటబడి తీరమునకు వచ్చినదట. పటమునకు నిలుచునపుడు ఎవరో ఆమెను ప్రక్కకు పిలువగా, తాతగారు "ఉండనీ, అదీ మన పిల్లే" అనిరట. కర్నూలు పోయిన పిమ్మట రెండేండ్లు ఉత్తరములు నడచినవట. తరువాత ఆగినవి.

విడిపోవుచున్న కుటుంబపు పటమని మేము 70 ఏండ్లుగా చెప్పుకొనుచున్న దానిలో, మన భాష గాని బిడ్డ యొకతె మన బిడ్డ చేయి విడువక నిలిచియున్నది. ఈ సంగతి తెలిసిన మనిషి లోకమున ఒక్కతెయే మిగిలినది. మఱి కొన్నేండ్లు మేము ఉపేక్షించినచో ఆ బిడ్డ యెన్నటికిని పేరు లేనిదై, గుర్తు తెలియని బంధువుగనే యుండిపోయెడిది. ఆమె పేరును ఆ రాత్రియే పటము వెనుక వ్రాసితిని. వారి కుటుంబమువారి యనుమతి లేక ఇచట ప్రకటించుట ఉచితము గాదు.

మఱునాడు మెరీనాలో మా పటములు ముగిసిన పిమ్మట అత్తయ్య పట్టుబట్టి, మాకు సాయముగా కుర్చీలు మోసికొనివచ్చిన ప్రక్కింటి తమిళ దంపతులను కూడ నిలువబెట్టి మఱొక పటము తీయించినది. ఆ పటము వెనుకను పేర్లున్నవి.

సంఘ సభ్యులకు మనవి

మనలో పెక్కుమంది మనుమలకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. దీనికి విచారించి ప్రయోజనము లేదు, చేయదగిన పని చేయవలెను. పటము వెనుక మెత్తని పెన్సిలుతో, అదిమి వ్రాయక, ఎడమనుండి కుడికి వరుసగా పేర్లు, వరుసలు, స్థలము, తేదీ వ్రాయవలెను. సిరా ముందువైపునకు ఊఱును గనుక పనికిరాదు. తెలుగులో వ్రాసి, దానిక్రింద పిల్లలు చదువగల లిపిలోను వ్రాయవలెను. నేను తెలుగున, తమిళమున వ్రాసితిని. సెల్‌ఫోనులో నున్న పటములను నమ్మి ఊరకుండరాదు. ముఖ్యమైనవానిని కాగితముపై అచ్చువేయించి, ప్రతులను ఇరుశాఖలవారి యిండ్లలో ఉంచవలెను. ఒకచోట పోయినను మఱొకచోట నిలుచును.

ఆరుబయట పటమునకు వెలుగు ముఖ్యము. వెలుగు మన ముఖములపై పడునట్లు నిలుచుటకు కొంచెము యోచన చాలును. ఆ ముఖము ఎవరిదో తరువాతివారికి తెలియుటకు ఒక పంక్తి వ్రాత చాలును. మా పెద్దలు 1953 లో ఈ రెండును మఱచిరి. వారి మనస్సు ఆనాడు సముద్రముపైనను, రైలుపైనను ఉండినది గనుక వారిని తప్పుపట్టజాలను. మనకు మాత్రము ఆ సాకు లేదు. ఈ సంచికను చదివి ముగించిన వెంటనే, మీ యింటి గోడపైనున్న పాత పటమును దించి, వెనుకకు త్రిప్పి చూడుడు. ఖాళీగా నున్నచో, మీ యింటి పెద్దలను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పెన్సిలు తీసికొనుడు.